అరుగు మీద లెక్కల కాలక్షేపం నడిపే తీరు

లెక్కలంటే ప్రాణం పెట్టేవారినీ, పదో తరగతితోనే లెక్కలకు దణ్ణం పెట్టేసినవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి రెండు గంటలు నడపదలచినవారు ముందుగా ఒక ఏర్పాటు చేసుకోవాలి. తికమక పడే వంతు ప్రతిసారీ ఒకరికే రాకుండా, ఒక్కో చిక్కుకు ఒక్కొక్కరు తెల్లబోయేలా చిక్కులను ఎంచుకోవాలి. కోనసీమలోని మా ఊళ్లో మొదటిసారి నేను ఈ సంగతి పట్టించుకోకుండా నల్లబల్ల తెప్పించి, బీజగణితంతో మొదలుపెట్టి, పావుగంటలో పన్నెండుమందిని ముగ్గురిని చేశాను. మిగిలిన తొమ్మిదిమందీ టీకొట్టు దగ్గర ఉన్నారని తర్వాత తెలిసింది.

సార్వా కోతలూ దాళ్వా నాట్లూ లేని రోజుల్లో ఆదివారం సాయంత్రం పెట్టుకుంటే మనుషులు వస్తారు. గ్రంథాలయం వరండా అయినా, రామాలయం అరుగైనా సరిపోతుంది. ఒక కొబ్బరికాయ, కొబ్బరితాడు, ముగ్గుపిండి, గుప్పెడు వడ్లు, కాసిని ఠావు కాగితాలు దగ్గర ఉంచుకోవాలి. లెక్కలు వచ్చినవారిని ముందే పక్కకు పిలిచి, “ఇది చాలా తేలికండీ” అన్న మాట ఆ పూట నోటి వెంట రానివ్వవద్దని గట్టిగా చెప్పాలి. ఆ మాట విన్న కొత్తవారు మరుసటి వారం రారు.

మొదట తాడు. కొబ్బరికాయ నడుముకు తాడు బిగుతుగా చుట్టి, ఆ కొలతకు ఇంకొక మీటరు కలిపి, కాయ చుట్టూ అన్ని వైపులా సమానమైన ఎడం ఉండేలా నేల మీద గుండ్రంగా పరచాలి. ఎడం దాదాపు 16 సెంటీమీటర్లు, అంటే ముప్పాతిక జానెడు వస్తుంది. ఇప్పుడు భూమి నడుముకు, అంటే సుమారు 40,000 కిలోమీటర్ల పొడవున, ఇలాగే తాడు బిగించి, దానికీ ఒక్క మీటరే కలిపితే ఎంత ఎడం వస్తుందో అడగాలి. వెంట్రుక కూడా దూరదని అందరూ చేతులెత్తుతారు. అక్కడా అదే 16 సెంటీమీటర్లు వస్తుందనీ, తాడు కింద నుంచి పిల్లి దూరి పోవచ్చనీ చెప్పినప్పుడు, “ఆయ్, అదెలా కుదురుద్దండీ?” అని ఎవరో ఒకరు లేస్తారు. ఆ లేచినవారి చేతికే సుద్దముక్క ఇవ్వాలి. సూత్రం చెప్పకుండా, చతురస్రంగా ఉన్న కొబ్బరితోటకు గట్టు నుంచి మూరెడు ఎడంగా కంచె కడితే, గట్టు కంటే కంచె ఎంత ఎక్కువ పొడవు పట్టిందో గీసి చూడమనాలి. పక్కల వెంబడి ఏమీ పెరగదు. మూలకు రెండు మూరల చొప్పున నాలుగు మూలలకు 8 మూరలే పెరుగుతుంది. తోట ఐదు సెంట్లయినా ఐదెకరాలయినా ఆ 8 మూరలు మారవు. గుండ్రటి భూమికీ ఇదే న్యాయమని ఒప్పుకోవడానికి కొందరికి వారం పడుతుంది, పట్టనివ్వాలి.

తర్వాత ముగ్గు. ఇక్కడ బీటెక్ చదివినవారు వెనక్కి జరిగి, ఇంట్లో రోజూ ముగ్గు పెట్టే అత్తయ్యలూ అమ్మమ్మలూ ముందుకు రావాలి. మూడు వరుసల్లో నాలుగేసి చుక్కలు పెట్టించి, మెలికల ముగ్గు వేయమనాలి. గీత ఏటవాలుగా నడవాలి, పక్కపక్క చుక్కల ప్రతి జంట నడుమా రెండు గీతలు ఒకదాన్నొకటి దాటాలి, అంచుకు చేరగానే చివరి చుక్కను చుట్టి లోపలికి తిరగాలి. చెయ్యి ఎత్తకుండా మొత్తం ఒకే గీతతో ముగుస్తుంది. అదే తీరున నాలుగు వరుసల్లో ఆరేసి చుక్కలు పెడితే గీత సగంలోనే బయలుదేరిన చోటికి వచ్చి మూసుకుపోతుంది, మిగిలిన భాగానికి రెండో గీత కావాలి. నాలుగు నాలుగుల చుక్కలకు నాలుగు గీతలు కావాలి. ముగ్గు పెట్టేవారికి ఏది ఒక్క గీతతో అయిపోతుందో చేతికి తెలుసు గానీ, ఎందుకో ఎప్పుడూ అడిగి ఉండరు. ఫలితాలను పట్టికగా రాయిస్తే, కాసేపటికి ఆరో తరగతి పిల్లవాడెవరో అది గసాభా అని పట్టేస్తాడు: గీతల సంఖ్య, వరుసల సంఖ్యకూ వరుసలోని చుక్కల సంఖ్యకూ గరిష్ఠ సామాన్య భాజకమే. కారణం వెతకవలసిన పని లెక్కల వారిది. క్యారమ్స్ బల్ల మీద అంచులకు తగిలి తిరిగొచ్చే స్ట్రైకర్‌ను తలుచుకోమని మాత్రం వారికి చెప్పి వదిలేయాలి.

వడ్ల వంతు వచ్చేసరికి తెలుగు మాస్టారిని పిలవాలి. చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, తర్వాత ప్రతి గడికీ రెట్టింపు. వెయ్యి గింజలు సుమారు 20 గ్రాములు తూగే రకమైతే, 22వ గడి పూర్తి కాకముందే 75 కిలోల బస్తా ఖాళీ అవుతుంది. అరవై నాలుగు గడుల మొత్తం 18446744073709551615 గింజలు, అంటే ప్రపంచమంతా ఇప్పుడు పండిస్తున్న లెక్కన నాలుగు వందల ఏళ్లకు పైబడిన పంట. ఈ సంఖ్యను పాతకాలపు తెలుగు కవి పావులూరి మల్లన తన గణిత గ్రంథంలో, అంకెలకు బదులు మాటలు వాడి, ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. “శర” అంటే 5, “శశి” అంటే 1, “షట్క” అంటే 6, “చంద్ర” అంటే 1 అని ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడుస్తూ, ఏనుగుకు 8, మళ్లీ చంద్రుడికి 1 అని ముగించాడు. మాస్టారు పద్యం చదువుతుంటే లెక్కల వారు ఏ మాటకు ఏ అంకో వేళ్ల మీద లెక్కించుకుంటూ తడబడతారు. నాకు ఈ ఘట్టం అన్నిటికన్నా ఇష్టం.

చివరికి ఎవరికీ తెలియని లెక్క ఒకటి ఇచ్చి ఇంటికి పంపాలి. జర్మన్ గణితవేత్త లోథార్ కొలాట్జ్ పేరుతో పిలిచే చిక్కు ఇందుకు బాగా పనికొస్తుంది. ఏదైనా సంఖ్య తీసుకుని, సరిసంఖ్య అయితే సగం చేయాలి, బేసి అయితే మూడుతో హెచ్చవేసి ఒకటి కలపాలి, ఇలా చేస్తూ పోవాలి. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా చివరికి ఒకటికే దిగుతుందని అందరూ నమ్ముతున్నారు గానీ, ఇంతవరకూ ఎవరూ నిరూపించలేకపోయారు. పిల్లలకు 7 ఇస్తే 16 అంగల్లో దిగుతుంది. గట్టివారికి 27 ఇవ్వాలి, దానితో పాటు ఒక ఠావు కాగితం కూడా ఇవ్వాలి, ఎందుకంటే అది 9232 దాకా ఎక్కి, 111 అంగలు వేస్తే గానీ ఒకటిని చేరదు.