లైవ్ షోకి టెక్నికల్ డైరెక్టర్‌గా కూర్చునే ముందు

నాటకాల్లో టెక్నికల్ డైరెక్టర్ అంటే సెట్ కట్టించడం, రిగ్గింగ్ (లైట్లు, తెరలు పైన వేలాడదీసే ఏర్పాటు), బడ్జెట్, భద్రత చూసుకునే మనిషి. టీవీ లైవ్‌లో అయితే కంట్రోల్ రూమ్‌లో డైరెక్టర్ పక్కన కూర్చుని స్విచ్చర్ (ఏ కెమెరా బొమ్మ ప్రసారంలోకి వెళ్లాలో బటన్లతో మార్చే యంత్రం) నడిపే మనిషి, నేను చెప్పేది ఈ పని గురించే.

షోకి చాలా ముందే వెళ్లి ఏ కెమెరా, ఏ గ్రాఫిక్స్, ఏ ప్లేబ్యాక్ ఏ బటన్ మీద ఉన్నాయో మీరే నొక్కి చూసుకోండి, ఎవరో చెక్ చేశారంటే సరిపోదు. ట్యాలీ లైటు (ఏ కెమెరా ప్రసారంలో ఉందో చూపించే, కెమెరా మీది లైటు) కూడా చూడాలి, అది తప్పు కెమెరా మీద వెలిగితే యాంకర్ ఎటో చూస్తూ మాట్లాడేస్తారు. సెట్టింగులు పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేసుకోండి.

షోలో డైరెక్టర్ ‘రెడీ టూ’ అనగానే 2వ కెమెరాను ప్రివ్యూలోకి (ప్రసారానికి ముందు షాట్ చూసుకునే తెర మీదికి) తెచ్చి, ఫ్రేమ్, ఫోకస్ ఒక్క చూపు చూసి, ‘టేక్’ అన్న మాట వినపడ్డాకే కట్ చేయండి, అంటే ఆ షాట్‌ను ప్రసారంలోకి మార్చండి. మాటను ముందే ఊహించి నొక్కడం చాలా ప్రమాదం, దయచేసి అలవాటు చేసుకోవద్దు! ప్రివ్యూలో షాట్ బాగోలేదా, రెండే మాటల్లో చెప్పేయండి.

టెన్షన్ అసలు వచ్చేది ఏదైనా సిగ్నల్ పోయినప్పుడు. అందుకే వైడ్ షాట్ ఇచ్చే కెమెరాను ఎప్పుడూ కదలకుండా ఉంచమని, ఏది పోయినా ముందు దానికే కట్ చేస్తామని డైరెక్టర్‌తో రిహార్సల్‌లోనే మాట్లాడుకోండి.