హ్యాంగ్ గ్లైడింగ్ పోటీని చదవడం – 4వ పాఠం: జాతీయ విజేతను ఎలా తేలుస్తారు?

పోయిన పాఠంలో టాస్క్ మ్యాపు, అంటే ఆ రోజు పోటీలో ఎగరాల్సిన దారి పటం, గీసుకున్నాం. ఈసారి పాయింట్ల పట్టిక చదువుదాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

మన ఉదాహరణ టెక్సాస్‌లోని బిగ్ స్ప్రింగ్. అమెరికా జాతీయ పోటీలు అక్కడ చాలాసార్లు జరిగాయి. డాలస్‌లో ఉన్న మనవాళ్లకి ఐ-20 మీద పడమరగా నాలుగైదు గంటల దారి. ఒకప్పటి వైమానిక దళ స్థావరంలో గ్లైడర్‌ని, అంటే ఇంజను లేని పెద్ద రెక్కని, చిన్న చక్రాల బండి మీద పెడతారు, పైలట్ దాని కింద బోర్లా వేలాడుతూ ఉంటారు. డ్రాగన్‌ఫ్లై అనే తేలికపాటి విమానం తాడుతో పైకి లాగి వదిలేస్తుంది. ఆ తర్వాత ఇంజను లేదు, థర్మలే (పైకి లేచే వేడి గాలే) దిక్కు.

పైన అందరూ ఒకే మేఘం కింద గుండ్రంగా తిరుగుతూ వాచీ చూసుకుంటుంటారు. స్టార్ట్ గేట్, అంటే గాలిలో ఊహించుకున్న ప్రారంభ గీత దాటడానికి ఇచ్చే సమయం, 1:30కి తెరుచుకుందనుకోండి. మీరు 1:34కి గీత దాటినా మీ గడియారం 1:30 నుంచే నడుస్తుంది. ఆ నాలుగు నిమిషాలు పోయినట్టే. తర్వాతి గేటు దాకా ఆగితే కొత్త లెక్క, కానీ ముందు వెళ్లినవాళ్లు చూపించే థర్మల్స్ మీద ఆధారపడాలి. నాకు ఈ ఆటలో బాగా నచ్చే టెన్షన్ ఇదే.

సాయంత్రం అందరి జీపీఎస్ ట్రాక్‌లాగ్‌లూ (ఎగిరిన దారి రికార్డులూ) లెక్కలోకి వెళ్తాయి. లెక్క పేరు గ్యాప్ (GAP). గెరాల్ఫ్, ఏంజెలో, పాల్ అనే ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలవి. ఇది ముందు ఆ రోజు విలువ ఎంతో తేలుస్తుంది. ఎంతమంది ఎగిరారు, ఎంత దూరం వెళ్లారు, గెలిచినవారికి ఎంతసేపు పట్టింది అన్నవాటిని బట్టి విలువ 1000 నుంచి కిందికి దిగుతుంది. సగం మంది దగ్గర్లోనే దిగిపోయిన రోజు గెలిచినా దక్కేది కొంచెమే. పట్టిక చదివేటప్పుడు కొత్తవాళ్లు వదిలేసేది ఈ అంకెనే.

ఆ విలువని దూరం, సమయం, ముందుండి నడిపించడం వంటివాటికి పంచుతారు. గోల్ (ఆ రోజు చేరాల్సిన చివరి చోటు) చేరినవాళ్లు ఎక్కువైతే సమయం వాటా పెరుగుతుంది. చాలాకాలం వాడిన సూత్రం ప్రకారం, అందరికంటే వేగంగా వచ్చినవారికి 4 గంటలు పడితే, 15 నిమిషాలు ఎక్కువ పట్టినవారికి సమయం పాయింట్లలో పావు వంతు పోతుంది. 2 గంటలు ఎక్కువైతే సమయానికి సున్నా. అంటే మొదట జారిన నిమిషాలే ఖరీదైనవి.

ఇప్పుడు ఊహించిన మూడు రోజుల లెక్క వేద్దాం. రోజుల విలువలు వరసగా 400, 980, 550.

అ (అమెరికన్): 388, 540, 536. మొత్తం 1464.
ఆ (అమెరికన్): 310, 930, 480. మొత్తం 1720.
ఇ (విదేశీ పైలట్): 330, 960, 510. మొత్తం 1800.

'అ' మొదటి, మూడో రోజుల్లో ముగ్గురిలోకీ ముందున్నారు. కానీ 980 విలువున్న రోజున గోల్‌కి చాలా ముందే నేల మీదికి దిగారు. పోటీలో మొదటి స్థానం 'ఇ'ది. జాతీయ విజేత మాత్రం 'ఆ'. పోటీలో విదేశీయులు పాల్గొనవచ్చు, వాళ్ల పేర్లూ జాబితాలో ఉంటాయి, కానీ టైటిల్ అందరికంటే పైనున్న అమెరికన్‌కే. అందుకే పట్టిక కింద మొత్తం చూడగానే ఆగకండి, పేరు పక్కన దేశం కూడా చూడండి. ముగ్గురిలో ఒక్కరోజు కూడా ముందు లేకుండానే 'ఆ' ఛాంపియన్ అయ్యారు. అది అదృష్టం కాదు, పెద్ద రోజున గోల్ చేరడం.

ఇక అభ్యాసం. రెండో రోజు విలువని, దాంతోపాటు ముగ్గురి పాయింట్లనీ సగం చేయండి. అ, ఆ మధ్య ఉన్న 256 పాయింట్ల తేడా 61కి పడిపోతుంది. ఇప్పుడు సగం బదులు పావు వంతు చేసి చూడండి. ఛాంపియన్ పేరు మారుతుంది. ఎవరికి, ఎన్ని పాయింట్ల తేడాతో అన్నది రాసి పెట్టుకోండి. 5వ పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడదాం.