సౌదీలో కల్లివల్లి అయిన మనిషిని ఇంటికి రప్పించాలంటే

రియాద్ బత్హాలో ఏసీ మెకానిక్‌గా చేసి జగిత్యాల వచ్చేశాను. అక్కడ కల్లివల్లి అయి, అంటే సరైన కాగితాలు లేకుండా చిక్కుకున్నవాళ్ల భార్యలు, తల్లులు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. "అన్నా, పోలీసులకు దొరికితే వాళ్లే పంపిస్తరట గదా, దొరకమని చెప్పనా?" అని అడుగుతారు. దయచేసి ఆ మాట ఫోన్‌లో చెప్పకండి. దేశం నుంచి పంపించేముందు ఉంచే తర్హీల్ జైల్లో పదివేళ్ల ముద్రలు తీసుకుని డిపోర్ట్ చేస్తే, మళ్లీ పని వీసా మీద సౌదీకి రానివ్వరు. ఇంకో దారి ఉందేమో ముందు చూడాలి.

మొదట అకామా (సౌదీలో ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డు) ఫోటో వాట్సాప్‌లో తెప్పించండి. నంబరు 2తో మొదలై 10 అంకెలుండాలి. కార్డు పట్టుకున్న బొటనవేలు చాలాసార్లు చివరి అంకెల మీదే ఉంటుంది, వేలు తీసి మళ్లీ పంపమనండి. పాస్‌పోర్ట్ మొదటి పేజీ, చివరి పేజీ కూడా కావాలి.

ఇప్పుడు మనిషి పరిస్థితి తేల్చుకోవాలి. కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, రెన్యువల్ చేయక అకామా అయిపోయిందా? పనినుంచి పారిపోయాడని ఫిర్యాదు, అంటే హురూబ్ పెట్టాడా? లేక మత్లూబ్, అంటే ఏదైనా కేసులో వెతుకుతున్నట్టు, ఉందా? ఈ మూడోదే పెద్ద టెన్షన్. బ్యాంకు అప్పో, యాక్సిడెంట్ కేసో ఉంటే అది తేలేదాకా విమానం ఎక్కనివ్వరు. తర్హీల్‌లో నెలలు గడిచేది ఇలాంటివాళ్లకే. అందుకే మీవాడు దాస్తున్నా సరే, గుచ్చిగుచ్చి అడగండి.

అకామా అయిపోయినా, హురూబ్ ఉన్నా రియాద్‌లోని మన ఎంబసీలోనో జెద్దా కాన్సులేట్‌లోనో ఫైనల్ ఎగ్జిట్ (సౌదీ వదిలి పూర్తిగా వెళ్లిపోయే అనుమతి) కోసం పేరు నమోదు చేయించాలి. పాస్‌పోర్ట్ లేకపోతే అక్కడే ఔట్‌పాస్ ఇస్తారు, అది ఇండియాకు రావడానికి మాత్రమే పనికొస్తుంది. ఇక్కడినుంచి మీరు మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. హైదరాబాద్ ప్రజాభవన్‌లో 2024లో ప్రవాసీ ప్రజావాణి కౌంటర్ పెట్టారు, అక్కడా కాగితం ఇవ్వండి.

జీతం బాకీ ఉంటే, విమానం ఎక్కకముందే ఎంబసీకి పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి రమ్మనండి. ఊరికొచ్చాక ఆ డబ్బు రాబట్టడం మహా కష్టం. క్షమాభిక్ష ప్రకటన వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. 2017లో 90 రోజులు గడువిచ్చి, ఆలోపు వెళ్లిపోయినవాళ్లకు డిపోర్ట్ ముద్రలు లేకుండా వదిలారు.

"తర్హీల్‌లో మనవాడున్నాడు, లక్ష ఇస్తే రేపే పంపిస్తా" అనేవాడికి రూపాయి కూడా ఇవ్వకండి. ఆ లక్ష ఇంటి ఖర్చుకు ఉంచుకోండి.