సెలైన్ చుక్కల లెక్కకు 3 చాలు

నైట్ డ్యూటీలో పది బెడ్లకు సెలైన్ చుక్కలు లెక్కగట్టడం పెద్ద తలనొప్పి. సెట్ (సెలైన్ ఎక్కించే గొట్టం) కవర్ మీద 1 ఎం.ఎల్.కు 20 చుక్కలని ఉంటే, గంటకు ఎక్కాల్సిన ఎం.ఎల్.ని 3తో భాగించండి, నిమిషానికి ఎన్ని చుక్కలో వస్తుంది. 500 ఎం.ఎల్. 4 గంటల్లో ఎక్కాలంటే గంటకు 125, అంటే నిమిషానికి 42 చుక్కలు.

బాటిల్‌కు నిలువుగా ప్లాస్టర్ అంటించి, ఏ టైముకు ఎక్కడిదాకా దిగాలో దాని మీద రాస్తాను. దూరం నుంచే తెలిసిపోతుంది. వెనకబడిందని మాత్రం గబగబా వదిలేయకండి, డాక్టర్‌ని అడగండి. పేషెంట్ మోచెయ్యి మడిచినా చుక్క మారిపోతుంది (నిద్రలో మడవని వాళ్లెవరు!), మళ్లీ లెక్కపెట్టాల్సిందే.

పిల్లలకు వాడే 60 చుక్కల మైక్రో సెట్‌కు ఈ 3 లెక్క పనికిరాదు. అక్కడ గంటకు ఎన్ని ఎం.ఎల్.లో నిమిషానికి అన్నే చుక్కలు.