వెలాసిటీ పక్కన ఇంకో నాలుగు గడులు

వెలాసిటీ అంటే ఒక్కో స్ప్రింట్‌లో, అంటే మా రెండు వారాల పని విడతలో, టీమ్ ముగించిన పాయింట్లు; ఏ పని ఎంత పెద్దదో అంచనా వేసి ఆ పాయింట్లు మేమే వేస్తాం. ఆ గ్రాఫ్ పైకి పోతుంటే సాఫ్ట్‌వేర్ టీమ్ బాగున్నట్టేనని నేనూ చాలాకాలం నమ్మాను. రాయదుర్గంలో మా ఆఫీసు, మేం ఏడుగురం. మూడు నెలల్లో స్ప్రింట్‌కి 32 పాయింట్ల నుంచి 46కి ఎక్కాం. పైవాళ్లు స్వీట్లు పంచారు. ఆ నెలలోనే ఇద్దరు రాజీనామా పెట్టారు. పాత టికెట్లు, అంటే ఒక్కో పనికి రాసుకున్న నమోదులు, తిరగేస్తే, మొదట్లో 3 పాయింట్లు వేసిన పనికే ఇప్పుడు 5 వేస్తున్నాం. ధాన్యం పెరగలేదు, కుంచం చిన్నదైంది.

అప్పటినుంచి ఒకే షీటు పెడుతున్నా. ఎడమవైపు పని, కుడివైపు మనుషులు. రెండూ ఒకే పేజీలో ఉండాలి. విడివిడి ఫైళ్లలో పెడితే రెండోది ఎవరూ తెరవరు, రాసిపెట్టుకోండి.

పని వైపు మనం కనిపెట్టాల్సిందేం లేదు. సాఫ్ట్‌వేర్ టీమ్‌ల పనితీరు మీద జరిగే డోరా పరిశోధనతో అందరికీ తెలిసిన నాలుగు కొలతలు చాలు: ఎన్నిసార్లు ప్రొడక్షన్‌కి (జనం వాడే చోటికి) పంపుతున్నాం, కమిట్ చేసిన (రాసి భద్రపరిచిన) కోడ్ అక్కడికి చేరడానికి ఎన్ని రోజులు, పంపినవాటిలో ఎన్ని బెడిసికొట్టాయి, బెడిసినప్పుడు సర్దడానికి ఎంతసేపు. రోజుల లెక్కకి మాత్రం సగటు తీయకండి. ఒక స్ప్రింట్‌లో మావి 2, 3, 3, 4, 21. సగటు 6.6 వచ్చింది. ఆరేడు రోజులు పట్టిన టికెట్ అందులో ఒక్కటైనా ఉందా? వరుసలో నడిమిది, అంటే 3, రాసుకోండి. 21 సంగతి విడిగా తవ్వండి. మాదైతే వేరే టీమ్ అనుమతి కోసం 16 రోజులు పడి ఉంది. వెలాసిటీని తీసేయక్కర్లేదు, వచ్చే స్ప్రింట్‌కి ఎంత ఎత్తుకోవాలో చూసుకోవడానికి పనికొస్తుంది. పక్క టీమ్ పాయింట్లతో పోల్చారో, కుంచం మళ్లీ చిన్నదవుతుంది.

ఇక కుడివైపు. సాఫ్ట్‌వేర్‌ని చిన్న విడతల్లో చేసే పద్ధతులకి మూలమైన ప్రకటన, 2001 నాటి ఎజైల్ మేనిఫెస్టో వెనక 12 సూత్రాలున్నాయి. పని చేయించేవాళ్లు, డెవలపర్లు, వాడేవాళ్లు ఎంతకాలమైనా ఒకే వేగంతో సాగగలగాలన్నది వాటిలో ఒకటి. స్ప్రింట్ అన్న మాట వినగానే పరుగు అందుకున్నాం గానీ ఈ వాక్యం దగ్గర ఆగినవాళ్లు తక్కువ. నా నాలుగు గడులూ దీనికోసమే.

మొదటి రెండింటికీ ఎవరినీ అడగక్కర్లేదు. ఒకటి, రాత్రి 10 దాటాక పడిన కమిట్లు, మెసేజ్‌లు ఎన్ని. కాలిఫోర్నియాతో పనిచేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఎండాకాలంలో వాళ్ల పొద్దున 8 మనకి రాత్రి 8:30. నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పితే అదే కాల్ 9:30కి జరుగుతుంది, ఈ గడిలో అంకె ఎగబాకుతుంది. మేం వారానికి రెండు కాల్స్ మన పొద్దున 8కి మార్పించాం. చలికాలంలో వాళ్లకది సాయంత్రం 6:30. గట్టిగా అడిగితే ఒప్పుకున్నారు, అంతకుముందు మేం అడగలేదంతే. రెండోది, బోనాలకో సంక్రాంతికో పెట్టి మళ్లీ రద్దు చేసుకున్న సెలవులు. నా లెక్కలో ఏ సర్వే కన్నా ఇదే నిజం చెబుతుంది.

రెండింటికీ టీమ్ మొత్తం కలిపి ఒకే అంకె. పేర్ల కాలమ్ పెట్టిన రోజున అది అప్రైజల్ షీటు అయిపోతుంది. జనం రాత్రి రాసిన కోడ్ పొద్దున్నే కమిట్ చేయడం నేర్చుకుంటారు.

మూడు, నాలుగు గడులకు అడగాలి. స్ప్రింట్ చివర రెండే ప్రశ్నలు, 1 నుంచి 5 దాకా మార్కులు. ‘ఇలాంటి రెండు వారాలే ఇంకో ఆర్నెల్లు నడిస్తే తట్టుకోగలరా?’ ‘మీ వల్ల ఏదైనా చెడితే స్టాండప్‌లో (రోజూ పెట్టుకునే చిన్న మీటింగులో) భయం లేకుండా చెప్పగలరా?’ పేర్లు అడగొద్దు. నేను తెలివిగా పేరు తీసేసి ‘మీ రోల్’ అని ఒక గడి ఉంచాను. మాకున్నది ఒకే ఒక్క టెస్టర్. రెండో ప్రశ్నకి ఆమె 1 వేసింది, అది ఆమేనని అందరికీ తెలిసిపోయింది. ఆ తర్వాత నెలల తరబడి అన్నింటికీ 4 కొట్టింది. ఆ తప్పు పూర్తిగా నాదే.

అంకె పడిపోతే రెట్రోలో, అంటే స్ప్రింట్ ముగిశాక పెట్టుకునే సమీక్షలో, మాట్లాడించాలి. టీమ్ ఎలా ఉందో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చీటీలతో చెప్పించే పద్ధతిని స్పాటిఫై 2014లో బయటపెట్టింది, బాగానే ఉంటుంది. కానీ మన దగ్గర మేనేజర్ ఎదుట అందరూ ఆకుపచ్చే ఎత్తుతారు. ‘ఏం లేదక్కా, అంతా ఓకే.’ అందుకే చీటీలు ఇచ్చేసి నేను కిందికి చాయ్‌కి పోతాను, ఇరవై నిమిషాలు. తిరిగొచ్చేసరికి బోర్డు మీద రెండు ఎరుపులైనా ఉంటాయి. వాటిలో ఒక్కటి పట్టుకుని, వచ్చే స్ప్రింట్‌లో ఏం మారుస్తామో అక్కడే రాస్తాం. ఒక్కటే. ఏదీ మారకపోతే మూడోసారి నుంచి ప్రశ్నలు చదవకుండానే 4 కొడతారు.

మొన్న సంక్రాంతికి నలుగురు సెలవు పెట్టారు. ఎప్పుడూ 36 పాయింట్లు ఎత్తుకునేవాళ్లం, 18తో ఆపాం. అవతలివాళ్లు కారణం అడిగితే షీటే పంపాను. రద్దైన సెలవుల గడిలో సున్నా ఉంది.