జర్మనీ వెళ్తున్న మన జిల్లా పిల్లలకి: దిగిన మొదటి నెల ఎలా నెట్టుకురావాలి

విజయనగరం, శ్రీకాకుళం నుంచి మాస్టర్స్‌కని జర్మనీ వెళ్తున్న పిల్లలందరూ అడిగేది ఒకటే, సూట్‌కేస్‌లో ఏటి పెట్టుకోవాలి అని. సూట్‌కేస్ తర్వాత, ముందు అడ్రస్ సంగతి చూడండి. అక్కడ అన్ని పనులూ అడ్రస్ దగ్గరే మొదలవుతాయి, అది లేకపోతే టాక్స్ నంబర్ రాదు, వీసా పొడిగింపు కదలదు, చాలా బ్యాంకులు అకౌంట్ కూడా ఇవ్వవు.

ముందు ఎప్పుడు వెళ్లాలో చెప్తాను. వింటర్ సెమిస్టర్ అక్టోబర్ 1న మొదలు, క్లాసులు మాత్రం చాలా యూనివర్సిటీల్లో అక్టోబర్ మధ్యలో. ఇంట్లో వాళ్లు విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను జాతర చూసి వెళ్లరా అంటారు, దసరా వెళ్లాక వచ్చే మంగళవారం కదా అది, అప్పటిదాకా ఆగితే అక్కడ ఓరియెంటేషన్ అయిపోతుంది, రూములు నిండిపోతాయి. పైడితల్లమ్మకి ముందే మొక్కేసుకుని సెప్టెంబర్లోనే బేగి దిగిపోండి.

రూమ్ కోసం అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే స్టూడెంటెన్‌వెర్క్ (విద్యార్థుల వసతి, క్యాంటీన్లు చూసే సంస్థ) హాస్టల్‌కి అప్లై చేసేయండి, వెయిటింగ్ లిస్టు పెద్దది, అయినా అన్నిటికన్నా చవక అదే. కెమ్నిట్జ్, మాగ్డెబుర్గ్, ఇల్మెనావ్ లాంటి ఊళ్లలో రూమ్ కాస్త సులువు, మ్యూనిక్ అయితే దేవుడి మీద భారం. ప్రైవేటు రూమ్ చూసేటప్పుడు ఎవడైనా నేను వేరే దేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపు, తాళాలు కొరియర్‌లో వస్తాయి అన్నాడంటే అక్కడితో ఒగ్గేయండి, వాడు దొంగే. ఇంకో మాట తప్పకుండా అడగండి, ఈ అడ్రస్ మీద ఆన్‌మెల్డుంగ్, అంటే అడ్రస్ నమోదు, చేసుకోవచ్చా అని. కుదరదంటే ఎంత చవకైనా ఆ రూమ్ వద్దు.

ఆన్‌మెల్డుంగ్ అంటే ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఆ ఊరి మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి, ఫలానా ఇంట్లో ఉంటున్నానని రాయించుకోవడం. పాస్‌పోర్టుతో పాటు ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి, దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్, నోరు తిరక్కపోతే కాగితం మీద రాసుకెళ్లి చూపించండి చాలు. అపాయింట్‌మెంట్ చాలా ఊళ్లలో ఆన్‌లైన్లో తీసుకోవాలి, రూమ్ ఖాయమైందంటే విజయనగరంలో ఉండగానే బుక్ చేసుకోవచ్చు. ఆన్‌మెల్డుంగ్ అయినట్టు ఆఫీసు వాళ్లిచ్చే కాగితం చేతికి రాగానే ఫారినర్స్ ఆఫీసులో రెసిడెన్స్ పర్మిట్‌కి అపాయింట్‌మెంట్ పెట్టేయండి, ఎందుకంటే మన వీసా మామూలుగా మూడు నుంచి ఆరు నెలలకే ఇస్తారు, అక్కడ స్లాట్ దొరకడానికే వారాలు పడుతుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని చిన్న విషయం, పోస్టు డబ్బా. అక్కడ మామూలుగా ఇళ్లకి ఫ్లాట్ నంబర్లు ఉండవు, కింద గేటు దగ్గర కాలింగ్ బెల్లుల పక్కన, డబ్బాల మీద ఇంటిపేర్లు మాత్రమే ఉంటాయి. పోస్ట్‌మేన్ ఉత్తరం మీద పేరు చూస్తాడు, డబ్బా మీద పేరు చూస్తాడు, కలిస్తే వేస్తాడు, లేదంటే వెనక్కి పంపేస్తాడు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో అడిగితే ఫలానా మాస్టారి అబ్బాయి ఇల్లు ఇదేనండి అని చూపించినట్టు అక్కడెవరూ చూపించరు. బ్యాంకు పిన్, ఇన్సూరెన్స్ కార్డు, టాక్స్ నంబర్ అన్నీ పోస్టులోనే వస్తాయి, అందుకని దిగిన రోజే ఒక చీటీ మీద పాస్‌పోర్టులో సర్‌నేమ్ అని ఏముందో అదే స్పెల్లింగ్‌తో రాసి టేపుతో అంటించేయండి. మనోళ్లు ఫ్రెండ్స్ పిలిచే పేరు రాస్తారు, ఉత్తరాలేమో ఇంటిపేరు మీద వస్తాయి, ఇంక అవి దొరికినట్టే.

డబ్బు సంగతి. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్లో 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అందులోంచి నెలకి 992 మాత్రమే చేతికొస్తాయి, అదీ అక్కడ బ్యాంకు అకౌంట్ తెరిచాకే. కానీ మొదటి నెలే ఖర్చు ఎక్కువ, అద్దె, సెమిస్టర్ ఫీజు, పైన డిపాజిట్, డిపాజిట్ మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు అని రూలే ఉంది. కాబట్టి ఫారెక్స్ కార్డులో విడిగా ఒక 1,500 నుంచి 2,000 యూరోలు పెట్టుకోండి, ఇంట్లో లోన్ మాట్లాడేటప్పుడే ఇది కూడా కలిపి లెక్క చెప్పండి, తర్వాత నాన్నకి ఫోన్ చేసి అర్జెంటుగా పంపు అంటే ఆయన గాభరా పడిపోతారు. 30 ఏళ్ల లోపు వాళ్లకి పబ్లిక్ హెల్త్ ఇన్సూరెన్స్ స్టూడెంట్ రేటుకి వస్తుంది, నెలకి 150కి అటూ ఇటూ. ఇంకోటి, దిగిన కొన్నాళ్లకి రేడియో టీవీ ఫీజని నెలకి 18.36 యూరోలు కట్టమని ఉత్తరం వస్తుంది, మా రూమ్‌లో టీవీయే లేదండి అంటే కుదరదు, అది ఇంటికి ఒక్కటి, ఫ్లాట్ పంచుకునేవాళ్లలో ఒకరు కట్టి మిగతావాళ్లు పంచుకుంటే సరిపోతుంది.

సరే, సూట్‌కేస్. నెయ్యి, కోవా, మాంసం పచ్చళ్లు వద్దు, బయటి దేశాల నుంచి పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ యూరప్‌లోకి తేనివ్వరు, పచ్చి కరివేపాకు కూడా అంతే. ఆవకాయ, మెంతిపొడి, చింతపండు, చోడి పిండి, చిన్న కుక్కర్ పెట్టుకోండి, పలాస జీడిపప్పు రెండు ప్యాకెట్లు పట్టుకెళ్తే ఫ్లాట్‌మేట్లతో పరిచయం దానంతటదే అయిపోతుంది. ఎండు నెత్తళ్లు మాత్రం వద్దర్రా బాబూ, కామన్ కిచెన్లో ఒక్కసారి వేయించారంటే ఆ ఫ్లోర్‌లో మీతో ఎవడూ మాట్లాడడు. తాలింపు పెట్టేటప్పుడు కిటికీ తీసి, వంటగది తలుపు వేసుకోండి, ఎండుమిరపకాయ పొగకి స్మోక్ అలారం కూస్తుంది. జాకెట్ అక్కడే కొనుక్కోండి, ఇక్కడ దొరికేవి ఆ చలికి ఆగవు, లోపల వేసుకునే థర్మల్స్ ఇక్కడివి చాలు. బెండకాయ, వంకాయ, కొత్తిమీర, గట్టి పెరుగు టర్కీ వాళ్ల కొట్లలో దొరుకుతాయి, ఎర్ర పప్పు సూపర్ మార్కెట్లోనే ఉంటుంది. ఆదివారం కొట్లు బంద్, శనివారం సాయంత్రానికే సరుకులు తెచ్చేసుకోవాలి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు పారేయకండి, ఒక్కోదానికి 25 సెంట్లు డిపాజిట్ ముందే మీ దగ్గర తీసుకుంటారు, మార్కెట్లో మెషిన్లో వేస్తే ఆ డబ్బులు తిరిగొస్తాయి.

చదువు దగ్గర మన పిల్లలు దెబ్బతినేది తెలివి లేక కాదు, మన బీటెక్ అలవాటు వల్ల. ఇక్కడ సప్లీ ఉన్నా తర్వాత చూసుకుందాంలే అని లాగించేస్తాం. అక్కడ చాలా కోర్సుల్లో ఒక సబ్జెక్టుకి మూడు ఛాన్సులే, మూడోది కూడా పోతే కోర్సులోంచే పంపేస్తారు. పైగా క్లాసులో పేరుంది కదా అని పరీక్ష రాయనివ్వరు, పోర్టల్లో పరీక్షకి విడిగా రిజిస్టర్ అవ్వాలి, ఆ తేదీ దాటితే ఆ సెమిస్టర్‌కి లేనట్టే. తయారీ సరిపోలేదనిపిస్తే గడువులోపు పేరు తీసేసుకోవచ్చు, ఊరికే వెళ్లి ఫెయిలై ఒక ఛాన్సు పోగొట్టుకోవడం కన్నా అది నయం. అటెండెన్స్ చాలా క్లాసుల్లో అడగరు, అందుకని నవంబర్ అంతా నిద్రపోయి ఫిబ్రవరిలో లేస్తే ఏటవుద్దో మీకే తెలుసు. మార్కులు కూడా తిరగేసి ఉంటాయి, 1.0 అంటే ఫస్టు, 4.0 పాస్, 5.0 ఫెయిల్, ఇంట్లో ముందే చెప్పి ఉంచండి, లేదంటే 1.3 వచ్చిందంటే అమ్మ ఏడుస్తుంది.

పార్ట్‌టైం ఏడాదికి 140 ఫుల్ డేస్ లేదా 280 హాఫ్ డేస్ దాకా చేయొచ్చు, ఎన్ని అయ్యాయో మీరే రాసుకోండి. మొదటి సెమిస్టర్లో పని వద్దనే నేనంటాను, కానీ లోన్ కట్టేవాళ్ల ఇబ్బంది వాళ్లది. జర్మన్ భాషలో మొదటి మెట్టు ఏ1 మాత్రం ఊర్లో ఉండగానే అవగొట్టేయండి, చిన్న ఊళ్లో బేకరీలో, ఆఫీసుల్లో ఇంగ్లీషు నడుస్తుందనుకోకండి.

ఇంటికి ఫోన్ చేసే టైం ముందే ఖాయం చేసుకోండి. వెళ్లిన కొత్తలో మనకీ వాళ్లకీ మూడున్నర గంటలు తేడా, అక్టోబర్ ఆఖరి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పట్నుంచి మార్చి ఆఖరి ఆదివారం దాకా నాలుగున్నర. ఈ ముక్క అమ్మకి చెప్పకుండా వెళ్తే, రోజూ ఎనిమిదికి వచ్చే ఫోన్ ఆ రోజు తొమ్మిది కావస్తున్నా రాలేదని రూమ్‌మేట్లందరికీ ఫోన్లు వెళ్లిపోతాయి.