అమెరికా కాలేజీ అప్లికేషన్, పాఠం 4: యాక్టివిటీస్ లిస్ట్ రాయడం

గత పాఠంలో ఏయే కాలేజీలకు అప్లై చేయాలో జాబితా వేసుకున్నాం. ఈసారి కామన్ యాప్‌లో (ఒకే ఫారంతో చాలా కాలేజీలకు అప్లై చేసుకునే ఆన్‌లైన్ అప్లికేషన్) చాలామంది చివరి రోజు దాకా పట్టించుకోని భాగం చూద్దాం. ఎస్సే కోసం నెలల తరబడి తల పట్టుకునే పిల్లలే యాక్టివిటీస్ లిస్ట్‌ను ఒక్క కూర్చోవడంలో నింపేసి హమ్మయ్య అనుకుంటారు. దయచేసి అలా చేయకండి. ఎస్సేలో మీ గురించి ఒకటో రెండో సంగతులు పడతాయి. క్లాసు బయట నాలుగేళ్లూ మీరు ఎలా గడిపారో కనిపించేది ఇక్కడే.

ముందు కొలతలు తెలుసుకోండి. గరిష్ఠంగా 10 యాక్టివిటీలు రాయొచ్చు. ఒక్కోదానికి మీ హోదా 50 క్యారెక్టర్లలో (టైప్ చేసే ఒక్కో అక్షరం ఒక క్యారెక్టర్), సంస్థ పేరు 100లో, ఏం చేశారన్న వివరణ 150లో ఇమడాలి. మధ్యలో వదిలే ఖాళీలు, కామాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఏ తరగతుల్లో చేశారు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని కూడా అడుగుతారు. బహుమతులకు విడిగా 5 ఎంట్రీలు ఉన్నాయి కాబట్టి వాటిని ఇక్కడ ఇరికించొద్దు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకు అప్లికేషనే వేరు. అక్కడ బహుమతులతో కలిపి 20 దాకా రాయొచ్చు, వివరణకు 350 క్యారెక్టర్లు ఇస్తారు. ఎంఐటీ తన సొంత అప్లికేషన్‌లో నాలుగు యాక్టివిటీలే అడుగుతుంది. అందుకే ముందు కాగితం మీద విశాలంగా రాసుకుని, తర్వాత ఎక్కడికి తగ్గట్టు అక్కడ కుదించుకోవాలి.

ఆ కాగితం పని ఇంటిల్లిపాదీ కలిసి చేయాల్సింది. 9వ తరగతి మొదలైన రోజు నుంచి ఇవాళ్టి దాకా ఫోన్‌లో ఫొటోలు, పాత మెయిళ్లు, క్యాలెండర్ తిరగేయండి. అమ్మానాన్నల సాయం ఇక్కడ నిజంగా అవసరం. పిల్లలకు మామూలైపోయి గుర్తుకు రానివి పెద్దవాళ్లకు గుర్తుంటాయి. కానీ గుర్తుచేయడం వరకే మీ వంతు, రాయడం పిల్లల పని. ఇందులో ఉన్నదంతా నిజమని, తనదేనని అప్లికేషన్ పంపేటప్పుడు సంతకం చేసేది విద్యార్థి. అబద్ధమని తేలితే ఇచ్చిన సీటును కాలేజీ వెనక్కి తీసుకోవచ్చు.

తెలుగు ఇళ్లలో ఎక్కువగా వదిలేసేది ఒకటుంది. ఒక అమ్మాయి స్కూల్ అయ్యాక తమ్ముణ్ణి తీసుకొచ్చి, వాడి హోంవర్క్ చూసి, అమ్మమ్మకు మందులు వేసి, డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆవిడ మాటల్ని ఇంగ్లిష్‌లో చెబుతుంది. అడిగితే "నాకు యాక్టివిటీలేం లేవు" అంటుంది. ఇంట్లో పని చేయించామని రాస్తే పరువు తక్కువని తల్లిదండ్రులూ మొహమాటపడతారు. కామన్ యాప్‌లో కుటుంబ బాధ్యతలు అన్న విభాగమే ఉంది, జీతానికి చేసే పనికీ ఉంది. వారానికి పదిహేను గంటలు ఇంటికోసం వెచ్చించిన పిల్ల క్లబ్బుల్లో ఎందుకు కనిపించలేదో చదివేవాళ్లకు ఇంకెలా తెలుస్తుంది? తప్పకుండా రాయండి. లిస్టులో మొదటి స్థానం ఇవ్వాల్సినంత పెద్ద విషయమైతే మొదటే పెట్టండి.

ఇక అసలు విద్య, 150 క్యారెక్టర్లలో చెప్పడం. సాధారణంగా మొదటి ప్రయత్నం ఇలా ఉంటుంది: "రోబోటిక్స్ క్లబ్‌లో సభ్యుడిగా అనేక కార్యక్రమాల్లో చురుగ్గా పాల్గొని టీమ్‌వర్క్, లీడర్‌షిప్ నేర్చుకున్నాను." సభ్యుడన్నది హోదా గడిలో ఉంది, క్లబ్ పేరు సంస్థ గడిలో ఉంది. మళ్లీ చెప్పి సగం చోటు పోగొట్టుకున్నారు. మిగతా సగం ఎవరైనా రాయగల మాటలే. ఆ అబ్బాయిని "క్లబ్‌కి వెళ్లాక నీ చేతులతో ఏం చేస్తావు?" అని అడగండి. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది: "రోబో చేతికి వైరింగ్ చేశా, కొత్త సభ్యులు ఆరుగురికి సోల్డరింగ్ నేర్పా, విడిభాగాల లెక్కకు స్ప్రెడ్‌షీట్ తయారుచేశా." ఇందులో ప్రతి ముక్కా చేసిన పనే. లీడర్‌షిప్ అన్న మాట లేదు, అయినా అది కనిపిస్తోంది. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు "నేను" తీసేసి నేరుగా క్రియతో మొదలుపెట్టండి. ఇప్పటికీ చేస్తున్న పనికి వర్తమాన కాలం, మానేసినదానికి భూతకాలం వాడండి. పొడి అక్షరాల పేర్లు మీ స్కూల్ దాటితే ఎవరికీ అర్థం కావు, కాబట్టి చోటున్నంతలో విడమరచి రాయండి.

గంటల దగ్గర నిజాయితీ చాలా ముఖ్యం. వారానికి 4 గంటలు, ఏడాదికి 30 వారాలు అంటే 120 గంటలు. ఇలా ప్రతిదానికీ వేసి, ఒకే కాలంలో చేసినవన్నీ కూడి చూడండి. వారంలో ఉన్నదే 168 గంటలు. నిద్ర, స్కూల్, హోంవర్క్ పోగా మిగిలే సమయానికి మించి మొత్తం వస్తే చదివేవాళ్లకు లిస్ట్ మొత్తం మీద అనుమానం వస్తుంది. సీజన్‌లో మాత్రమే ఆడే ఆటకు 52 వారాలు వేయడం తరచుగా కనిపించే పొరపాటు.

పదీ నింపాలన్న టెన్షన్ అక్కర్లేదు. ఒక్క శనివారం వెళ్లొచ్చిన కార్యక్రమాలతో సంఖ్య పెంచితే మంచివి కూడా పలచబడతాయి. నిజంగా మనసు పెట్టినవి ఆరుంటే ఆరే రాయండి. వరుస తేదీలను బట్టి కాదు, మీకు ఏది ముఖ్యమో దాన్ని బట్టి.

11వ తరగతిలో ఉన్నవాళ్లు ఇప్పుడే అకౌంట్ తెరిచి ఈ భాగం నింపడం మొదలుపెట్టొచ్చు. ఆగస్టు 1న కొత్త ఏడాది అప్లికేషన్ తెరుచుకున్నా ఇందులో రాసినవి అలాగే ఉంటాయి.

ఈ వారం అభ్యాసం: మీ జాబితాలో ఒక్కటి ఎంచుకుని మూడుసార్లు తిరగరాయండి. మొదట నిడివి చూసుకోకుండా, తర్వాత 350 క్యారెక్టర్లలో, చివరికి 150లో. ఆ చివరిదాన్ని మీ స్కూల్ గురించి ఏమీ తెలియని ఒకరికి చదివి వినిపించి, మీరు ఏం చేశారో వాళ్లను చెప్పమనండి. చెప్పలేకపోతే ఏ మాట దగ్గర ఆగిపోయారో అడిగి, అక్కడ మళ్లీ రాయండి.